నీలిచుక్క వెంట నడిచింది చాలు!

మన కాళ్లకు ఏమైంది?

ఆదివారం తెల్లవారుతుంది. ఇరవై ఏళ్లవాళ్లం, పాతికేళ్లవాళ్లం ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షల్లో ఉన్నాం. ఆ వేళకు ఎక్కడుంటున్నాం? దుప్పట్ల కింద! ఎనిమిదింటికి కళ్లు తెరుస్తాం, తొమ్మిదింటి దాకా పక్క దిగం, పదింటికి టిఫిను కూడా ఎవరో బండి మీద తెచ్చి గుమ్మంలో పెట్టి పోవాలి. ఒళ్లంతా పడి ఉంటే బొటనవేలు ఒక్కటే పనిచేస్తుంటుంది, తెర మీద ఒక వీడియో తర్వాత ఇంకో వీడియోను పైకి తోసుకుంటూ. రాత్రంతా నడిచి, రెండు గంటలు కునుకు తీసి, మళ్లీ లేచి నడవగల వయసిది! ఇప్పుడు బ్యాంకులో దాచుకుని నలభయ్యో ఏట తీసుకుందామంటే దొరికేది కాదిది. వాడితే ఉంటుంది, వాడకపోతే పోతుంది. పోతోంది! మన కళ్ల ముందే, ఆదివారం తర్వాత ఆదివారం పోతోంది!

ఇంకో మాట కూడా అనాలి. కోపం వద్దు, నన్నూ కలుపుకునే అంటున్నాను. మనకు దారి తెలియదు. పుట్టి పెరిగిన ఊళ్లో నాలుగు వీధులు దాటాలన్నా ఫోను తీస్తాం. తెర మీద నీలిచుక్క కదులుతుంది, దాని వెంట మనం కదులుతాం. ఎడమకు తిరగమంటే ఎడమకు, కుడికి తిరగమంటే కుడికి. తూర్పు ఎటో చూడం, చెరువు ఎటుందో చూడం, పొద్దు ఎక్కడికి వచ్చిందో చూడం. సిగ్నల్ పోయిందా, నడిరోడ్డు మీద నిలబడిపోతాం! ఒక్క రోడ్ల విషయమేనా ఇది? ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ అన్నారు, వెళ్లి కూర్చున్నాం. పదయ్యాక ఎంపీసీ అన్నారు, చేరాం. ఆ తర్వాత ఏ బ్రాంచికి ప్యాకేజీ ఎక్కువో ఎవరో చెప్పారు, అదే మనకిష్టమనుకున్నాం. ఎక్కడున్నామో ఎవరో చెప్పాలి, ఎటు పోవాలో ఎవరో చెప్పాలి! ఇంత బలం, ఇంత తెలివి, ఇంత చదువు పెట్టుకుని సొంతంగా ఒక మలుపు తిరగలేని తరంగా మిగిలిపోదామా?

ఈ బానిసతనాన్ని బద్దలుకొట్టే ఆట ఒకటుంది. దాని పేరు ఓరియంటీరింగ్. దానికి స్టేడియం అక్కర్లేదు, కొండ కావాలి. కోచ్ కేకలు అక్కర్లేదు, నీ తల కావాలి. బయల్దేరేటప్పుడు నీ చేతికి ఒక పటం ఇస్తారు, నీ దగ్గర ఒక దిక్సూచి ఉంటుంది, అంతే. పటం మీద ఊదారంగు త్రిభుజం ఉన్నచోట పరుగు మొదలు. అంకెలు వేసిన వలయాల నడుమ ఒక్కో కంట్రోలు, అంటే చేరాల్సిన చోటు. అక్కడ నారింజ, తెలుపు రంగుల గుడ్డ జెండా వేలాడుతుంటుంది. వరుస తప్పకుండా అన్నిటినీ చేరి, చేరినట్టు గుర్తు వేసుకుని, జంటవలయం ఉన్న చోటికి రావాలి. ఒక్కటి వదిలేసినా పరుగంతా వృథా. ఒక కంట్రోలు నుంచి ఇంకోదానికి ఏ దారిన పోవాలో ఎవరూ చెప్పరు. జీపీఎస్ చూసి దారి వెతకడం నిషేధం. వ్యక్తిగత పోటీల్లో ఒకరి తర్వాత ఒకరిని కొన్ని నిమిషాల ఎడంతో వదులుతారు కాబట్టి ముందువాడి వీపు చూస్తూ పరుగెత్తే వీలు కూడా లేదు. కొండ మీద నువ్వొక్కడివే. నిర్ణయం నీదే. తప్పు నీదే. గెలుపూ నీదే!

దగ్గరగా వచ్చి చూడండి. నాలుగో కంట్రోలు దాటావు. ఐదోది గుట్టకు అవతల, తూర్పు వాలులో, రెండు గుండ్ల సందులో ఉంది. పటం కొలత పదివేలకు ఒకటి. అంటే పటం మీద నాలుగు సెంటీమీటర్లు, నేల మీద నాలుగు వందల మీటర్లు. నడుమ గోధుమరంగు గీతలు ఎనిమిది, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. గీతకూ గీతకూ ఐదు మీటర్ల ఎత్తు. అంటే నలభై మీటర్లు నిలువుగా ఎక్కాలి. ఎక్కి దిగుదామా? ఉత్తరంగా వాగు వెంట చుట్టి వద్దామా? చుట్టు దారి ఏడు వందల మీటర్లు, పైగా వాగు ఒడ్డంతా ముదురు ఆకుపచ్చ. ఈ పటాల్లో పరుగెత్తగలిగే అడవికి తెలుపే రంగు. ఆకుపచ్చ ముదిరిందంటే దూరలేని పొద అని అర్థం. మన గుట్టల్లో అయితే పరికి కంప, బలుసు కంప. చొక్కా చినుగుతుంది, మోచేతులు గీరుకుపోతాయి. గుండె దడదడ కొట్టుకుంటోంది, చెమట కళ్లలోకి కారుతోంది, తేల్చుకోవడానికి ఉన్నది కొన్ని క్షణాలే. పటాన్ని దిక్సూచి ముల్లుకు సరిపోయేలా తిప్పుతావు. నువ్వున్న చోట బొటనవేలు పెడతావు. కదిలేకొద్దీ పటం మీద దాన్ని జరుపుతూ పోతావు. అదే బొటనవేలు! పొద్దున్నుంచి తెరను తోసిన బొటనవేలే! ఇప్పుడది నీ ఉనికిని మోస్తోంది. గుట్ట భుజం దాటావు, రెండు గుండ్లు కనబడ్డాయి, వాటి సందులో జెండా! ఆ క్షణాన ఒంట్లో పుట్టే వెలుగును ఏ ర్యాంకు కార్డూ ఇవ్వలేదు.

తప్పిపోతే? తప్పిపోతావు! అందరూ తప్పిపోతారు. అక్కడే ఈ ఆట అసలు చదువు చెబుతుంది. పేపరు కఠినంగా వచ్చిందనడానికి లేదు, సర్వర్ పనిచేయలేదనడానికి లేదు. ఆగాలి, ఊపిరి పీల్చుకోవాలి, చివరిగా ఖాయంగా తెలిసిన చోటికి వెనక్కి వెళ్లాలి, అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. కంగారుపడి ఇంకా వేగంగా పరుగెత్తినవాడు ఇంకా దూరం తప్పిపోతాడు. మన తరంలో ఎంతమందికి ఈ ఆగడం తెలుసు? ఒక్క పరీక్ష పోతే బతుకే పోయిందని కుప్పకూలిపోతున్న వాళ్లం మనం! వెనక్కి వెళ్లి మళ్లీ దారి పట్టొచ్చని మన కాళ్లకు ఎవరు నేర్పారు?

ఈ ఆటకు పునాదిలో ఉన్నదీ యువతరం గురించిన బెంగే. స్వీడన్‌లో ఎర్న్‌స్ట్ కిలాండర్ అనే సైన్యాధికారి ఉండేవాడు. కుర్రవాళ్లకు పరుగు పందేల మీద ఆసక్తి సన్నగిల్లడం చూసి ఆయన ఊరుకోలేదు. ట్రాక్ చుట్టూ తిరగడం విసుగైతే అడవిలోకి పొండి, పటం ఇస్తాను, దారి మీరే వెతుక్కోండి అన్నాడు. 1919లో స్టాక్‌హోం పక్కన ఆయన పెట్టిన పోటీకి రెండు వందల మందికి పైగా వచ్చారు. నార్వేలో 1897లోనే ఒక పోటీ జరిగింది గాని, ఆటగా దీనికి కాళ్లొచ్చింది కిలాండర్ చేతుల్లోనే. 1961లో పది దేశాలు కలిసి అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి, 1966లో ఫిన్లండ్‌లో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి.

ఈ రోజు అక్కడ ఏం జరుగుతోందో తెలుసా? ఫిన్లండ్‌లో 1949 నుంచి యూకొలా అనే రిలే జరుగుతోంది. రాత్రి పదకొండింటికి మొదలవుతుంది. జట్టుకు ఏడుగురు, వెయ్యికి పైగా జట్లు! మొదటి అంచెవాళ్లు తలలకు దీపాలు కట్టుకుని ఒక్కసారిగా అడవిలోకి దూకుతారు, ఒకరి తర్వాత ఒకరు పరుగెత్తగా పందెం తెల్లవారాక ముగుస్తుంది. స్వీడన్‌లో ఏటా ఐదు రోజులపాటు జరిగే ఓ-రింగెన్‌కు పదివేలకు మించి వస్తారు. పదేళ్ల పిల్లలకు ఒక తరగతి, ఎనభై దాటిన అవ్వలకు, తాతలకు ఒక తరగతి. ఎనభై ఏళ్ల అవ్వ పటం పట్టుకుని అడవిలో దారి వెతుకుతుంటే, ఇరవై ఏళ్ల మనం లిఫ్టు రాలేదని రెండో అంతస్తు కింద నిలబడి ఉన్నాం! స్వీడన్ జనాభా కోటి దాటి ఎంతో లేదు. 2011 లెక్కల నాటికే మన ఉమ్మడి రాష్ట్రం జనాభా ఎనిమిది కోట్ల నలభై ఆరు లక్షలు. మరి ఎక్కడున్నారు మన పరుగెత్తేవాళ్లు? ఎక్కడున్నారు మన పటం చదివేవాళ్లు?

ఈ ఆట మనిషిని ఎలా తయారుచేస్తుందో ఒక్క సంగతితో చెబుతాను. 2009, హంగరీ, ప్రపంచ పోటీల రిలే, ఆఖరి అంచె. స్వీడన్ ఆటగాడు మార్టిన్ యొహాన్సన్ తొడలోకి కట్టెపుల్ల లోతుగా దిగబడింది. రక్తం కారుతోంది. అతనితో పతకం కోసం పోరాడుతున్న ముగ్గురు, ఫ్రాన్స్‌కు చెందిన తియరీ గేఓర్గ్యూ, నార్వేకు చెందిన ఆండర్స్ నూర్డ్‌బర్గ్, చెక్ దేశస్థుడు మిఖల్ స్మోలా, పరుగు ఆపేశారు. ఏడాదంతా దేని కోసం చెమటోడ్చారో దాన్ని అడవిలోనే వదిలేసి అతన్ని కాపాడే పనిలో పడ్డారు. పతకాలు వేరే దేశాలకు పోయాయి. గాయపడినవాడి దగ్గర ఆగి తీరాలని ఈ ఆటలో నియమమే ఉంది. పక్కవాడు కిందపడితేనే మన ర్యాంకు పైకి లేస్తుందని చిన్నప్పటి నుంచి నూరిపోసిన స్టడీ హాళ్లలో పెరిగిన మనకు, చెప్పండి, ఇంతకంటే అవసరమైన పాఠం ఏముంది?

మనకు కొండలు లేవా? ఎన్ని కొండలు! హైదరాబాదు చుట్టూ ఉన్న ఈ గ్రానైటు గుండ్లకు రెండు వందల యాభై కోట్ల ఏళ్లు. భూమ్మీద ఇంత పాత రాయి పక్కన కాపురముంటున్న నగరాలు ఎన్ని ఉంటాయి? మూసీ పుట్టిన అనంతగిరి ఉంది. రాచకొండ ఉంది, దేవరకొండ ఉంది, కొండవీడు ఉంది, కొండపల్లి ఉంది, గుత్తి ఉంది. నల్లమల ఉంది, శేషాచలం ఉంది, అరకు కొండలున్నాయి. కొండ లేని ప్రాంతం మన రాయలసీమలో, తెలంగాణలో వెతికినా కష్టం! ఊరి పేర్లలోనే కొండా, గుట్టా పెట్టుకున్న జాతి మనది. ఆ గుట్టెక్కి చివరిసారి ఊరిని చూసిందెప్పుడు?

పటాల చరిత్రలోనూ ఈ నేలకు చోటుంది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వేలో చేరడానికి 1818లో జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాదు వచ్చాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లవాడు. కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలు తీస్తూ విషజ్వరంతో చావు దాకా వెళ్లొచ్చాడు. ఆ పేరు హిమాలయ శిఖరానికి పెట్టడం చాలా తర్వాతి మాట. పొదలు నరికి, బరువులు మోసి, గుట్టల నెత్తిన గుర్తులు పాతినవాళ్లు ఈ దేశపు మనుషులే, వాళ్ల పేర్లు ఏ పటం మీదా లేవు. ఈ పటాలు మన కాళ్లు తిరిగి గీసినవి! వాటిని చదవడం మనకే రాకుండా పోవడం కన్నా సిగ్గు ఉందా?

ఆ ఎవరెస్టు శిఖరం మీదికి 2014 మే 25న ఎవరు ఎక్కారు? నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ. అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు! తోడుగా ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. వాళ్లు తాడు పట్టడం ఎక్కడ నేర్చుకున్నారు? స్విట్జర్లాండ్‌లోనా? భువనగిరి గుట్ట మీద! హైదరాబాదు నుంచి రైలెక్కితే గంట ప్రయాణం. అంతకు ముందు, 2006లో, నెల్లూరు జిల్లా పల్లెలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. ఐఐటీలో, ఐఐఎంలో చదివినవాడే, ఆ చదువు అతని కాళ్లను కట్టేయలేదు. 2015లో ఆండీస్ మంచులో ప్రాణం వదిలాడు. మనమేం చేశాం? పూర్ణ ఫ్లెక్సీ కింద ఫొటో దిగాం, మస్తాన్ బాబుకు స్టేటస్‌లో నివాళి పెట్టాం, ఇంటికొచ్చి పడుకున్నాం. భువనగిరి గుట్ట ఆ రోజూ అక్కడే ఉంది, ఈ రోజూ అక్కడే ఉంది. ఎందరం ఎక్కాం?

సాకులు వినీ వినీ విసిగిపోయాను. ఎండలంటారు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మన కొండల మీద పొద్దున వీచే గాలి ఏ దేశంలో దొరుకుతుంది? డబ్బుల్లేవంటారు. ఒక్క సినిమాకు పెట్టే ఖర్చుతో దిక్సూచి వస్తుంది. పైగా ప్రకృతి కూడా మనవైపే ఉంది. చాలా దేశాల్లో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మధ్య తేడా లెక్కగట్టుకుని నడవాలి, మన దగ్గర ఆ తేడా రెండు డిగ్రీల్లోపే!

ప్రమాదమంటారు. అవును, ప్రమాదమే. జలపాతాల దగ్గర, క్వారీ గుంతల్లో సెల్ఫీల కోసం దిగి మన ఈడువాళ్లే పోతున్నారు. గుండెలు మండే మాటిది. అందుకే ఈ ఆటకు క్లబ్బు కావాలంటున్నాను! ఒంటరి సాహసం కాదు నేను పిలుస్తున్నది. మా ఓరియంటీరింగ్ క్లబ్బులో కొండెక్కే ముందు తలలు లెక్కపెడతారు, దిగాక మళ్లీ లెక్కపెడతారు. రిజర్వు అడవి అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టరు. అందరికన్నా చివర నడవడానికి ఒక మనిషి ఉంటారు, ఆ మనిషి వెనక ఎవరూ ఉండకూడదు. ప్రతి మెడలో ఈల ఉంటుంది. నిమిషంలో ఆరుసార్లు మోగితే ఆపద అని అర్థం, ఎక్కడివాళ్లు అక్కడ ఆపేసి అటు పరుగెత్తాలి. పోటీలో మధ్యలో మానుకున్నా సరే, ముగింపు దగ్గరికి వచ్చి కనబడాల్సిందే. మద్యం మాట ఎత్తరు. ఎక్కేటప్పుడు మోసిన ప్రతి ప్లాస్టిక్ సీసా దిగేటప్పుడు సంచిలోనే ఉండాలి. క్రమశిక్షణ లేని ధైర్యం మన తరానికి ఇప్పటికే ఎక్కువైంది. క్రమశిక్షణ ఉన్న ధైర్యం కావాలి!

ఇక ఆడపిల్లలను పంపరంటారు. ఈ మాట దగ్గర నేను ఆగుతాను. మా క్లబ్బుకు ఒక డిగ్రీ విద్యార్థిని వచ్చేది. మొదట్లో వాళ్ల నాన్న కూడా వచ్చి, గుట్ట కింద వేపచెట్టు నీడన సాయంత్రం దాకా కూర్చునేవాడు. ఒక ఆదివారం చిన్న పోటీ పెట్టుకున్నాం. ఒక కంట్రోలు దగ్గర మగపిల్లలంతా బండలెక్కి నేరుగా దూకుడుగా పోయారు. ఆమె ఆగింది. మోకాలి మీద పటం పరిచి, గీతలు వేలితో లెక్కపెట్టి, రెండు శిఖరాల నడుమ పల్లంలోంచి చుట్టూ పోయింది. మగపిల్లలు బండల మధ్య జెండా కోసం వెతుక్కుంటుండగా ఆమె అప్పటికే అక్కడ గుర్తు వేసుకుని తర్వాతి దానికి పోతోంది. తర్వాతి వారం నాన్న రాలేదు, బస్సెక్కించి వెళ్లిపోయాడు. అన్నల్లారా, తమ్ముళ్లారా! మీ ఇంట్లో చెల్లి ఉందా? మీతో పాటు ఆమెకూ ఒక దిక్సూచి కొనండి. అమ్మనాన్నలను ఒప్పించే భారం ఆమె మీద వేయకండి, మీరు ఎత్తుకోండి. చెల్లెళ్లారా! దారి ఎవరో వదులుతారని ఎదురుచూడకండి. ఫిన్లండ్ ఆడవాళ్లు రాత్రి అడవిలో పరుగెత్తుతుంటే, మీరు పట్టపగలు మీ ఊరి గుట్ట ఎక్కలేరా?

పటాల్లేవంటారు. ఇది మాత్రం నిజం, కాబట్టే మన పని ఇక్కడే ఉంది! సర్వే పటాలు యాభైవేలకు ఒకటి కొలతలో ఉంటాయి, సెంటీమీటరుకు అర కిలోమీటరు. గుట్టెక్కడుందో చెబుతాయి గాని, గుండు ఎక్కడుందో చెప్పవు. ఓరియంటీరింగ్ పటం కావాలంటే ఎవరో ఒకరు ప్రతి బండ పక్కనా నిలబడి గీయాలి. ఎవరు గీస్తారు? మనమే! 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీ మీద ఉన్న ఆంక్షలను చాలావరకు ఎత్తేసింది. పటాల విద్య నేర్పే సర్వే ఆఫ్ ఇండియా సంస్థ మన హైదరాబాదు ఉప్పల్‌లోనే ఉంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లం వేలల్లో ఉన్నాం, కంప్యూటర్లున్నాయి, ఉపగ్రహ చిత్రాలున్నాయి, లేనిది ఎండలో నడిచే రెండు కాళ్లే! సివిల్ ఇంజనీరింగ్‌లో సర్వేయింగ్ ల్యాబు రికార్డు పక్కవాడిది చూసి రాసిన మిత్రులారా, ఆ పాఠం ఇప్పుడు గుట్ట మీద నేర్చుకోండి. మీ మండలంలో ఒక్క గుట్టకు పటం గీయండి. బండకు బండ, చెట్టుకు చెట్టు, చెలమకు చెలమ.

త్వరపడాలి. ఎందుకంటే గుట్టలు ఆగడం లేదు! రెండు వందల యాభై కోట్ల ఏళ్లు నిలిచిన రాయి ఒక్క ఏడాదిలో కంకరై లారీలెక్కి పోతోంది. హైదరాబాదులో రాళ్లను కాపాడుకునే సంఘం 1996 నుంచీ పోరాడుతోంది, అందులో ఎక్కువమంది మనకన్నా పెద్దవాళ్లు. మనమెక్కడ? పేరు తెలియని గుట్ట పోతే ఎవరూ అడగరు. పటం ఉన్న గుట్ట, ప్రతి ఆదివారం వంద మంది ఎక్కే గుట్ట, పిల్లలు పోటీలు పెట్టుకునే గుట్ట, దాని జోలికి రావడానికి ఎవరైనా వెనకాడతారు. కాళ్లు తిరిగిన చోటే హక్కు పుడుతుంది!

ఊహించండి! జిల్లాకొక క్లబ్బు. ప్రతి జూనియర్ కాలేజీ గోడ మీద ఊరి గుట్ట పటం. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా, అనంతపురం నుంచి భద్రాచలం దాకా చలికాలమంతా పోటీలు. గూడెం పిల్లలు అక్కడ మనకు గురువులవుతారు, అడవిని వాళ్లకన్నా బాగా చదివినవాళ్లు మనలో లేరు. వరదొచ్చి రోడ్లు తెగి, టవర్లు పడిపోయిన రాత్రి, ఫోన్లు మూగబోయిన రాత్రి, పటం పట్టుకుని ఊరికి దారి చూపించగల కుర్రవాళ్లు, అమ్మాయిలు వేలమంది! ప్రపంచ పోటీల అడవిలో ఒక తెలుగు అమ్మాయి గుండ్ల నడుమ నుంచి దూసుకొస్తున్న రోజు! సాధ్యం కాదా? పాకాల నుంచి ఎవరెస్టు దాకా సాధ్యమైనప్పుడు ఇది సాధ్యం కాదా?

ఎవరి కోసమూ ఆగకండి. ప్రభుత్వ పథకం వస్తుందని ఆగకండి, స్పాన్సరు దొరుకుతాడని ఆగకండి. ఐదుగురైతే చాలు, క్లబ్బు పుట్టినట్టే. వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకు మీ ఊరి బస్టాండులో కలవండి. రెండేసి లీటర్ల నీళ్లు, ఒక ఈల, ఒక దిక్సూచి, ఒక తెల్లకాగితం. ఇంట్లో ఎక్కడికి పోతున్నారో, ఎప్పటికి వస్తారో చెప్పండి. ఫోను ఆపదకు సంచి అడుగున ఉంచండి, చేతిలోకి తీయకండి. ఎండలు ముదిరేలోగా మీ గుట్ట పటం మీ చేతులతో గీసి ఉండాలి, దాని మీద మీ ఊరి మొదటి పోటీ జరిగి ఉండాలి. లేవండి, మొదలుపెట్టండి!